ఆటకు కొత్త హంగులు – అసలు చెడకుండా

కంప్యూటరు ఆటలో కొత్త ఊళ్ళు, కొత్త దుస్తులు చేర్చడానికి ఆటగాళ్ళే తయారుచేసే ఫైళ్ళను 'మాడ్‌'లంటారు. 2011లో వెలువడిన 'స్కైరిమ్' ఆటకు ఇవి వేలకొద్దీ ఉన్నాయి. వీటిని ఆట తాలూకు 'డేటా' ఫోల్డరులోకి మీరే కాపీచేస్తే ఏమవుతుంది? ఒకే పేరుగల ఫైళ్ళు రెండుంటే, రెండోది పడగానే మొదటిది చెరిగిపోతుంది.

అట్లాసులోని పటంమీద పారదర్శక కాగితం పరచి గీతలు గీశారనుకోండి. కాగితం తీసేస్తే పటం చెక్కుచెదరదు కదా! 'మాడ్ ఆర్గనైజర్ 2' చేసేది ఇదే. ప్రతి మాడ్‌నూ వేరే ఫోల్డరులో ఉంచి, ఆట నడిచేటప్పుడు మాత్రమే అవన్నీ డేటా ఫోల్డరులో ఉన్నట్లు ఆటకు చూపిస్తుంది.

'వోర్టెక్స్' మామూలుగా హార్డ్ లింకులు వాడుతుంది. అంటే ఒకే ఫైలుకు రెండుచోట్ల రెండు పేర్లన్నమాట. ఒక పేరు తీసేసినా ఫైలు పోదు. అయితే ఆటా, మాడ్‌లూ ఒకే డ్రైవులో ఉండాలి.

మరి ఏది ఎంచుకోవాలి? స్కైరిమ్ వంటి ఆటలకు మొదటిది చక్కగా సరిపోతుంది. రకరకాల ఆటలు ఆడేవారికి రెండోది అనుకూలం.

ఒక్క హెచ్చరిక! మీరు సేవ్ చేసుకున్న ఆటలో మాడ్ జాడలు మిగిలిపోవచ్చు. ఈ రెండు సాధనాలూ వాటిని తుడిచిపెట్టలేవు. అందుచేత మాడ్ వేసేముందే ఆ సేవ్ ఫైలుకు నకలు తీసి దాచుకోండి.