మంటలు ఇంటివైపు వస్తుంటే...

శివరాత్రి దాటితే మన పత్తి, మిరప పల్లెలలో నిప్పు భయం మొదలవుతుంది. చేలలో పత్తికట్టె ఎండి ఉంటుంది. కల్లాలలో మిరపకాయలు ఆరుతుంటాయి. ఇంటి పక్కనే గడ్డివాము ఉంటుంది. పడమట నల్లమలలో రాలిన ఆకు ఎండిపోతుంది. ఆర్పకుండా పారేసిన బీడీ, మోళ్లకు పెట్టిన మంట, గాలి తోడైతే ఊరిమీదికి రావచ్చు. 2008లో గుంటూరు మిర్చి యార్డులోనే పెద్ద అగ్నిప్రమాదం జరిగింది.

ముందుగా చేయవలసినవి

1. గడ్డివాము, పత్తికట్టె ఇంటికి దూరంగా వేయండి. ఇంటి చుట్టూ ఎండుగడ్డి చెక్కివేయండి.
2. పురుగుమందులు ఇంట్లో ఉంచవద్దు. అవి కాలితే వచ్చే పొగ విషం.
3. గాలి వీచే సమయంలో చేలో మంట పెట్టవద్దు.
4. తొట్టిలో నీళ్లు, పక్కన బకెట్లు ఉంచండి.

మంట దగ్గర పడితే

ముందు పిల్లలను, వృద్ధులను, గర్భిణులను, ఉబ్బసం ఉన్నవారిని పంపించండి. ఫైర్ స్టేషన్‌కు 101కి ఫోన్ చేయండి. సమయం ఉంటే గ్యాస్, కరెంటు మెయిన్ ఆపి, పశువుల పలుపులు విప్పి వదలండి. మంటకు ఎదురుగా గానీ, గాలి వాలున గానీ పరుగెత్తకండి. పక్కకు తప్పుకొని దున్నిన చేనులోకో, రోడ్డు మీదికో చేరండి. పొగ నిండిన ఇంట్లో నేలకు వంగి బయటికి రండి. తడిగుడ్డ మసిని కొంత ఆపుతుంది గానీ విషవాయువును ఆపదు. అందుకే పెట్టె కోసం, డబ్బు కోసం మళ్లీ లోపలికి వెళ్లకండి.

బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు. నేలమీద పడి దొర్లాలి. పక్కవారు దుప్పటి కప్పాలి.

కాలిన గాయాలకు

చల్లని శుభ్రమైన నీటిని 20 నిమిషాలు ధారగా పోయండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీయండి. ఐసు, సిరా, టూత్‌పేస్టు, పేడ పెట్టవద్దు. బొబ్బలు చిదమవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి. గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనిపించినా, ఒంటిమీద గాయం లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గొంతు లోపల వాపు వచ్చి ఊపిరి ఆగవచ్చు.

మంట ఆరిన తరువాత

పత్తి పైకి ఆరినట్టున్నా లోపల గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. కుప్పను విడదీసి పూర్తిగా తడిపేవరకు కాపలా ఉండండి.

ఈ రాత్రే ఇంట్లో మాట్లాడుకొనండి

మంచం పట్టిన అవ్వను ఎవరు మోస్తారు? పిల్లలను ఎవరు పట్టుకొంటారు? అందరూ ఎక్కడ కలుసుకొంటారు?