నేతగాండ్ర ద్వీపమున బస

స్కాట్లండునకు పడమట సముద్రమధ్యమున లూయిస్ అను ద్వీపము కలదు. అచటి గారెనిన్ గ్రామమున రాతిగోడలు, గడ్డికప్పులు గల ప్రాచీన గృహములు నేడు యాత్రికులకు బసలైనవి. కడపటి నివాసులు 1974లో వీనిని వీడిపోగా, పిమ్మట బాగుచేయబడి అతిథులకై తెరువబడినవి.

మన భవాని పేట్ వలెనే అచటను మగ్గముల సవ్వడి వినవచ్చును. ఆ ప్రాంతపు ద్వీపవాసులు తమ యిండ్లయందు చేతితో నేసిన ఉన్నివస్త్రమునకే ‘హారిస్ ట్వీడ్’ అను పేరు చెల్లునని 1993లో బ్రిటనున చట్టమేర్పడెను. అట్లు వారి వృత్తికి రక్షణ కలిగినది. భాషకో? వారి గేలిక్ బడులలో బోధింపబడుచున్నను, ఇండ్లలో క్షీణించుచున్నది.

కూలిన గోడను తాపీవాడు తిరిగి నిలుపగలడు; ఇంట మాసిన మాటను బడి యొక్కటియే నిలుపజాలదు. కావున, తలిదండ్రులారా, బిడ్డలతో ఇంట తెలుగుననే సంభాషింపుడు.