వీణం వీరన్న, మన వీధి వాల్వు



ధవళేశ్వరం ఆనకట్ట ఎవరు కట్టారని అడిగితే మీ పిల్లలు తడుముకోకుండా సర్ ఆర్థర్ కాటన్ అంటారు. మంచిదే. ఈసారి ఇంకో ప్రశ్న కూడా వేయండి: కాటన్ పక్కనుండి ఆ పని నడిపించింది ఎవరు? పరీక్షలో రాని ప్రశ్న కాబట్టి చాలామందికి జవాబు తెలియదు. పెద్దలమైన మనకూ అంతే.

ఆయన పేరు వీణం వీరన్న. పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగి. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అక్కడ గోదావరి పాయలుగా చీలుతుంది, అందుకని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. అన్నీ కలిపితే సుమారు మూడున్నర కిలోమీటర్లు. అడుగున బండ లేదు, అంతా ఇసుకే. ఆ ఇసుకలోకి నూతులు దించి, వాటి మీద గోడ లేపారు. ఏ ఏటి పని ఆ ఏడు వరద వచ్చేలోపు ఒక కొలిక్కి రావాలి.

అలాంటి చోట లెక్కలు వచ్చిన ఇంజనీరు ఒక్కడుంటే చాలదు. వేలమంది కూలీలు రావాలి, వచ్చినవాళ్లు నిలవాలి. దొర మాట వాళ్లకు, వాళ్ల గోడు దొరకు చేరాలి. ఆ భారం మోసినవాడు వీరన్న. ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. 1867లో కన్నుమూశారు. ధవళేశ్వరం లాకు దగ్గర ఆయన పేరిట ఒక స్మారక శిల ఉంది. కాటన్‌కైతే గోదావరి జిల్లాల్లో ఎన్నో విగ్రహాలు, ధవళేశ్వరంలో ఒక మ్యూజియం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఉండే మనకు గోదావరి కథ ఎందుకంటారా? ఏడాది పొడవునా పారే నది మనకు లేదు. మన పక్క చెరువులే ఆధారం. చెరువు తూము ఎత్తి, ఎవరి మడికి ఎంత నీరో చూసి వదిలిన మనిషిని నీరుగంటి అనేవారు. కోతలప్పుడు ఆయనకు ధాన్యం కొలిచేవారు. ఇంట్లో అవ్వాతాతలను అడగండి, ఆ మాట వాళ్లకు గుర్తుండవచ్చు. ఇప్పుడు శ్రీశైలం నీటిని మన వైపు తేవడానికి హంద్రీ-నీవా పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువలు తవ్వారు. నీటిని పంపులు ఎత్తిపోస్తాయి సరే, వీధి చివర వాల్వు తిప్పేది మాత్రం ఒక మనిషి. చాలా ఏళ్లు ఆ పని చేసినవారికి పైపు ఎక్కడ పాతారో, ఏ మలుపులో పగులుతుందో మ్యాపు చూడకుండానే తెలుస్తుంది. ఆయన రిటైరైన రోజు ఆ తెలివి కూడా ఆయనతోపాటే ఇంటికి వెళ్లిపోతుంది. దాన్ని రాసిపెట్టేవారు ఎవరు?

ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ నెల ప్రాజెక్టు అదే. మీ వీధికి నీళ్లు వదిలే అన్నతోనో, రిటైరైన పెద్దాయనతోనో మాట్లాడించండి. పని వేళలో ఆపకండి, ముందే అడిగి వెళ్లండి. ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, నీళ్లు రాని రోజు జనం ఏమంటారు అని పిల్లలే అడగాలి. ఆయన ఒప్పుకుంటేనే ఫొటో తీయండి, దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. రెండు పేజీలు చాలు. థర్మాకోల్ మోడళ్లు వద్దు, మీ చేతిరాత అసలే వద్దు.