షూనేమీయురాలి మేడగది

చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 4:8-17, 8:1-6, నిర్గమకాండము 16:16-26



షూనేము అను ఊరిలో కలిగినయింటి స్త్రీ యొకతె యుండెను. దైవజనుడైన ఎలీషా తమ యూరిమీదుగా తరచు వచ్చి పోవుట చూచి, ఆమె పెనిమిటితో ఆలోచన చేసి, అతనికొరకు పైన చిన్న గది యొకటి కట్టించినది. ఆ గదిలో పెట్టించిన సామాను నాలుగే: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఆమె పేదరాలు కాదు. తలంచుకొనినయెడల గదినిండ సామాను నింపగలదు. అయినను ఎండలో నడచివచ్చిన మనుష్యునికి ఏమి కావలెనో ఆమె యెరుగును. పండుకొనవలెను, కూర్చుండవలెను, భుజింపవలెను, చీకటిపడిన తరువాత వెలుగుండవలెను. అంతే.

ఈ లెక్కను మన యిండ్లలోనికి తెచ్చి చూతము. వినుకొండ చుట్టుపట్ల పల్లెలలో మనవారు అనేకులు మిరప, ప్రత్తి వేయుదురు, లేక ఆ చేలలో కూలికి పోవుదురు. కల్లములో కాయ యెండిన తరువాత స్త్రీలు కూర్చుండి ఎఱ్ఱకాయ వేరు, తాలుకాయ వేరు ఏరుట మనకు క్రొత్త కాదు. తాలు కలిసిన టిక్కీకి గుంటూరు యార్డులో ధర రాదు. ఇంటి సామానును ఇటులే ఏరుట నేనును నా భార్యయు కొన్ని ఏండ్లుగా చేయుచున్నాము. వేసవిలో ఇంటికి సున్నము వేయునప్పుడు సమస్తమును పంచలోనికి దింపి, ఒక్కొక్క వస్తువును చేతబట్టి, నిరుడు దీనిని వాడితిమా యని అడుగుకొందుము. మొదటి యేట అటకమీదనుండి చదివింపులలో వచ్చిన స్టీలు బిందెలు పదకొండు దిగినవి. వాడుకలోనున్నవి రెండు. మిగిలినవాటిని క్రొత్తగా కాపురము పెట్టినవారికిచ్చితిమి. దుప్పట్ల విషయములో మాత్రము మాకు ఏకాభిప్రాయము కుదరలేదు. చుట్టములు వచ్చినప్పుడు కావలెనని ఆమె వాదన. అందు న్యాయమున్నది, షూనేమీయురాలు మంచము వేయించినది అతిథికొరకే గదా!

అయితే మనలను క్రుంగదీయునది అటకమీది బిందె కాదు, అప్పు. లక్ష రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినయెడల ఏడాదికి వడ్డియే 24,000 రూపాయలగును. ఆ సొమ్ము విత్తనమునకును ఎరువునకును పెట్టినదైతే, పంట వచ్చి తీరునను ఆశయైన నుండును. ఫంక్షను హాలుకు, ఫ్లెక్సీలకు, నలుగురి నోళ్లకు భయపడి పెట్టిన వంటకములకు తెచ్చినదైతే, దానికి పంటయే లేదు. 1987-88లో తెల్లదోమ పట్టి ప్రత్తి నాశనమైనప్పుడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో రైతులు అనేకులు అప్పుల బాధతో ప్రాణములు తీసికొనిరి. వారు దుబారా చేసి చెడిరని యెవ్వరును అనరాదు. అది సాగు అప్పు. కాని అట్టి యేట పెండ్లి అప్పు కూడ నెత్తిమీదనున్న ఇల్లు ఎట్లు నిలుచును?

మా సంఘములో ఒక సహోదరుడు కుమార్తె వివాహమును గుడిలోనే జరిపించి, గుడి ఆవరణలో పందిరి వేసి, సంఘపు వంటపాత్రలతోనే వండించి, అన్నము, పప్పు, మాంసపు కూరతో భోజనము పెట్టెను. వియ్యాలవారు ముఖము ముడుచుకొనిరి. చాటున మాటలు పుట్టినవి. మరుసటి సంవత్సరము వర్షములు కాయను పాడుచేసినను అతడు చేను అమ్ముకొనలేదు. ఇప్పుడు ఆ వియ్యాలవారే రెండవ కుమారుని పెండ్లికి మన పాత్రలు అడుగుచున్నారు.

ఒక యౌవనస్థుడు నన్నడిగెను: “అయ్యగారూ, ధర వచ్చువరకు మిరపకాయలు కోల్డు స్టోరేజీలో పెట్టుట అవిశ్వాసమా?” కాదు. అరణ్యములో మన్నా తలకు ఓమెరు చొప్పున కూర్చుకొనవలెనని ఆజ్ఞ. తెల్లవారువరకు మిగుల్చుకొనినవారిది పురుగుపట్టి కంపుకొట్టినది. అయితే ఆరవ దినమున రెండంతలు కూర్చుకొనినది పురుగుపట్టలేదు. యోసేపు ఏడు సంవత్సరములు ధాన్యము నిలువచేసెను. రేపటి అక్కరకు దాచుట వేరు, రేపటి భయముచేత కూర్చుట వేరు. ఈ రెంటిని విడదీయుట తాలుకాయ ఏరినంత సులభము కాదు.

మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిన 1876-78 కరవు కాలములో, ఒంగోలునందున్న క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు పట్టి, ఆకలిగొన్న వేలమందికి కూలిపని చూపిరి. కరవు సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు ఆపివేసిరి. గంజికొరకు వచ్చువా రెవరో, ప్రభువుకొరకు వచ్చువా రెవరో తేలవలెను గదా! అది ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి యొద్ద మన గుండ్లకమ్మ నీటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లాభమేదియు లేదని తెలిసి దిగినవారు వారు.

షూనేమీయురాలి యొద్దకు మరల వత్తము. రాజుతో నీ పక్షమున మాటలాడుదునా యని ఎలీషా అడిగించినప్పుడు, నా జనులమధ్య నేను కాపురమున్నాను, నాకేమి కొదువ అను భావముతో ఆమె ప్రత్యుత్తరమిచ్చెను. తృప్తికి ఇంతకంటె మంచి మాదిరి లేదని ప్రసంగములు ఇచ్చటనే ఆగిపోవును. కాని కథ ఆగలేదు. ఏడేండ్ల కరవునకు పరదేశము వెళ్లి తిరిగివచ్చునప్పటికి ఆమె యిల్లును పొలమును చేజారినవి. అప్పుడామె తానే వెళ్లి రాజునకు మొరపెట్టెను. ఇల్లు, పొలము, ఆ యేండ్ల పంట రాబడి సహా తిరిగి ఆమెకు ముట్టెను. ఎలీషా చేయజూపిన మేలును వద్దనిన స్త్రీయే, తనది తనకు రావలెనని అడుగుటకు సిగ్గుపడలేదు.

వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువ కవి 1941లో ‘గబ్బిలము’ ప్రకటించెను. అందులో నిరుపేదయైన అరుంధతీసుతుడు తన గోడును శివునికి విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. అతని గుడిసెలోను వస్తువులు కొన్నియే. దానిని మితజీవనమని పొగడుట పాపము. తానుగా విడిచినది వేరు, ఇతరులు దక్కనీయనిది వేరు. కూలి తగ్గించి యిచ్చి, ఆదివారమున కూలివారికి సంతుష్టిని బోధించు ఆసామి, పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయమును 8వ వచనము వద్ద మూయక, 17, 18 వచనములవరకు చదువవలెను. అచ్చట మాట ధనవంతులకే.

ఈ నెల గృహప్రార్థన కూటములలో పై భాగములు చదివి, ఈ రెండు ప్రశ్నలు మాటలాడుకొనుడి. మన సంఘములో పెండ్లి భోజనము ఏ మేరకుండవలెనో పెద్దలందరు కలిసి ఒక మాటమీద నిలువగలమా? మన చేనిలో కాయ కోయువారికి ఈ యేడు కూలి ఎంత ఇచ్చితిమి?