డిస్కో బాట పట్టిన రింగో

1984లో తెలుగు తెరకూ డిస్కో జ్వరం తగిలింది. అంతకు రెండేళ్ల ముందు హిందీలో మిథున్ చక్రవర్తి 'డిస్కో డాన్సర్' దేశాన్ని ఊపేసింది. దాన్నే మనవాళ్లు బాలకృష్ణతో 'డిస్కో కింగ్'గా తీశారు. అనుకున్నంతగా ఆడలేదు. అదే ఏడాది సెప్టెంబరులో అదే బాలకృష్ణ 'మంగమ్మగారి మనవడు'గా వచ్చాడు. దర్శకుడు కోడి రామకృష్ణది పాలకొల్లు. రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటితే మనకు పొరుగూరే. రంగుల లైట్లు చెయ్యలేని పని రోకటిపోటు చేసింది. ఆ బొమ్మ ఎలా ఆడిందో మా తరానికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఆగి 'మన మట్టిని వదిలితే అంతే' అని నీతి లాగెయ్యడం తేలిక. కానీ 'మంగమ్మగారి మనవడు' కూడా తమిళ 'మణ్ వాసనై'కి రీమేకే! రెండూ అరువు సరుకే. ఒకటి అతికింది, ఒకటి అతకలేదు. కొత్త దారి పట్టాలా వద్దా అని తల పట్టుకునే కుర్రాళ్లు ఆలోచించాల్సింది ఆ అతుకు దగ్గరే.

ఇంతకంటే పెద్ద బోర్లాపాటు ఇంకొకటి ఉంది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్‌ది. 1970లో బృందం విడిపోయాక, మిగతా ముగ్గురి నీడలో ఇతను ఏమైపోతాడో అనుకున్నారు అందరూ. 1973లో తన పేరుతోనే వేసిన 'రింగో' ఆల్బమ్ నుంచి రెండు పాటలు అమెరికాలో మొదటి స్థానానికెక్కాయి. ఆ తర్వాత నెమ్మదిగా అమ్మకాలు పడిపోయాయి. 1977 వచ్చేసరికి ఎక్కడ చూసినా డిస్కో. రింగో కూడా అటే దిగాడు. పెద్ద రికార్డు కంపెనీ, అప్పటికే చెయ్యి తిరిగిన నిర్మాత ఆరిఫ్ మార్డిన్, డ్రమ్స్ మీద స్టీవ్ గాడ్ అంతటివాడు. హంగులకేం తక్కువ లేదు. ఆ ఆల్బమ్‌కి 'రింగో ది ఫోర్త్' అని పేరు పెట్టారు. వరసలో చూస్తే అది నాలుగోది కాదు, ఆరోది. లెక్క దగ్గరే తడబడిన రికార్డు ఇక ఎక్కడ నిలబడుతుంది లెండి! అమెరికా జాబితాలో 162వ స్థానం దగ్గర ఆగిపోయింది. సొంత దేశం బ్రిటన్‌లో అసలు జాబితాకే ఎక్కలేదు.

రాక్ గాయకుడు డిస్కో పాడితే జనం ఒప్పుకోరు కాబట్టి పోయింది అనుకుంటే పొరపాటే. అభిమానులు తిట్టిపోసినా రాడ్ స్టీవర్ట్ డిస్కో పాట 1978లో విరగబడి అమ్ముడుపోయింది. 1979 జులై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని కుప్పపోసి పేల్చేసిన గొడవ రింగో ఓడిపోయిన రెండేళ్లకు గానీ జరగలేదు. ఆయన దిగినప్పుడు గాలి అనుకూలంగానే ఉంది.

అసలు తమాషా ఏమిటంటే, ఇదే ఆరిఫ్ మార్డిన్ రెండేళ్ల ముందు ఇంకో మునిగిపోతున్న పడవను ఒడ్డుకు చేర్చాడు. బీ గీస్ అన్నదమ్ములు ముగ్గురూ నెమ్మదైన పాటలతో 60లలో పేరు తెచ్చుకుని, 1974 నాటికి ఇంగ్లండ్‌లో క్లబ్బుల్లో పాడుకునే స్థితికి వచ్చేశారు. 1975లో మయామీలో రికార్డింగు పెట్టుకున్నారు. స్టూడియోకి రోజూ కారులో ఒక పొడవాటి వంతెన దాటి వెళ్లాలి. అతుకుల మీద చక్రాలు టకటక కొట్టే చప్పుడు చెవిలో పడింది. ఆ నడకలోంచే పాట కట్టారు. మరో పాటలో చివర కాస్త పైస్థాయిలో అరిచి చూడమన్నాడు మార్డిన్. వాళ్లలో బారీ గిబ్ అరిచాడు. తన దగ్గర అలాంటి గొంతు ఒకటుందని అప్పటిదాకా అతనికే సరిగ్గా తెలియదు. 1977లో 'సాటర్‌డే నైట్ ఫీవర్'తో ప్రపంచమంతా ఊగింది ఆ గొంతుకే.

నిర్మాత ఒకడే, కాలమూ దాదాపు అదే. బీ గీస్ డిస్కో దగ్గరికి ముగ్గురి గొంతులు కలిసే పొందికను మోసుకెళ్లారు. అది పుట్టుకతో వచ్చింది, ఎవరూ కాపీ కొట్టలేనిది. రింగో దగ్గర ఉన్నదేమిటి? ఒక తీరిక, ఒక చమత్కారం, పక్కింటి మామయ్య కబుర్లు చెబుతున్నట్టుండే పాట. నున్నగా పాలిష్ పెట్టిన ఆ సంగీతంలో వాటికి చోటు లేకపోయింది. ఆయన మారడం తప్పు కాదు. తన సరుకంతా ఇంట్లో పెట్టి వెళ్లాడు, నా లెక్కలో నష్టం అక్కడ వచ్చింది.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, రింగో అంతకుముందూ దారి మార్చాడు. 1970లో నాష్‌విల్ వెళ్లి పూర్తిగా 'కంట్రీ' అనే అమెరికా పల్లెబాణీ పాటలతో ఒక ఆల్బమ్ చేశాడు. పెద్దగా అమ్ముడుపోలేదు గానీ నవ్వులపాలూ కాలేదు. ఆ పాటలంటే ఆయనకు లివర్‌పూల్ కుర్రతనం నుంచీ ఇష్టం. 2025 జనవరిలో, 84 ఏళ్ల వయసులో, మళ్లీ కంట్రీ ఆల్బమే వేస్తే అది బ్రిటన్ కంట్రీ జాబితాలో మొదటి స్థానానికెక్కింది.

మన రాజోలు తాలూకా శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారినే చూడండి. కర్ణాటక సంగీతంలో రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలని పెద్దల మాట. ఆయన నాలుగింటితో లవంగి, మహతి కట్టారు. మూడింటితోనూ కట్టారు. వయొలా పట్టుకున్నారు, 1967లో 'భక్త ప్రహ్లాద'లో నారదుడి వేషం కట్టారు. మడి కట్టుకున్న సభల్లో గొణుగుడు తక్కువేం కాదు. కొత్త రాగాల విషయంలో వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ పత్రికలకెక్కి మరీ తగువుకు దిగారు. ఆ వాదంలో ఎవరి పక్షం సరైందో తేల్చేంత విద్య నాకు లేదు. కానీ ఒక సంగతి కనబడుతోంది. స్వరాలు తగ్గించడానికి ముందే, నిండా ఇరవయ్యేళ్లు రాకుండానే, 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టిన మనిషి ఆయన. తీసెయ్యడానికి ఆయన దగ్గర బోలెడంత ఉంది. పైగా నాలుగు స్వరాల రాగానికి అప్పట్లో బజారులో గిరాకీ ఏమీ లేదు, ఎవరో పాడి లాభపడుతున్నారని వెనక పడడానికి.

కొత్తపేట, రావులపాలెం వైపు పెళ్లి ఊరేగింపుల్లో ఈ సంగతి ఇంకా దగ్గరగా చూడొచ్చు. ముందు సన్నాయి మేళం, వెనక ట్రాక్టరు మీద డీజే బాక్సులు. బాక్సులు మొదలయ్యాయంటే కొందరు డోలు దించేసి బీడీ ముట్టిస్తారు. కొందరు ఆ దరువుకే గుడ్డిగా బాదుతారు, వినబడదు. ఎక్కడో ఒకడుంటాడు, కుడిచేతి వేళ్ల తొడుగులు సర్దుకుని, ఎడమచేతి పుల్ల పైకెత్తి పట్టుకుని చెవి అటు పెట్టి కాసేపు ఊరుకుంటాడు. పాట మలుపు తిరిగే సందు చూసి చిటికెడు ముక్తాయింపు విసురుతాడు. గుంపు వెనక్కి తిరిగి చూస్తుంది. వీడు డీజేని కాదన్లేదు, డీజే అయిపోనూ లేదు.

కొబ్బరి తీసి చెరువు తవ్వుదామనుకునే రైతైనా, తెలుగు పాఠాలు మానేసి వీడియో ఛానెల్ పెడదామనుకునే అమలాపురం మాస్టారైనా, 'ఇందులో లాభం ఉందా' అని ఊరంతా అడిగి తెలుసుకుంటారు. 'ఇందులో నా చెయ్యి ఎక్కడ పనికొస్తుంది' అని మాత్రం ఎవర్నీ అడగలేరు, అది తమకే తెలియాలి. ఈ కొత్త పని ఆలోచన గాలి మళ్లకముందు నుంచీ నా బుర్రలో తిరుగుతోందా, పక్కవాడు కారు కొన్నాక మొదలైందా అన్నది రెండో ప్రశ్న. రెండిటికీ జవాబు తేలక్కర్లేదు, ఒక్కదానికి తేలినా దిగొచ్చు. రెండూ తేలకపోతే ఒక పంటకాలం ఆగినవాడు చెడిపోయింది లేదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఓటమిని మెట్టు అంటాయి. రింగోకది మెట్టు కాలేదు. ఆ కంపెనీతో తెగిపోయింది, మరుసటేడు ఇంకో కంపెనీలో వేసిన రికార్డూ లేవలేదు. 1983లో ఆయన ఆల్బమ్‌ని విడుదల చేసే కంపెనీ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ దొరకలేదు. తాగుడు వదిలించుకుని, 1989లో పాత మిత్రుల్ని పోగేసి 'ఆల్ స్టార్ బ్యాండ్' కట్టేదాకా పన్నెండేళ్లు పట్టింది. ఈ మధ్యకాలమంతా ఆయన్ని నిలబెట్టడానికి బీటిల్స్ రికార్డుల రాబడి ఉంది. మీకు అలాంటిది లేకపోతే, దిగేముందు ఎంతవరకు పోయినా ఫర్వాలేదో ఒక అంకె వేసుకుని, ఆ అంకె ఇంట్లోవాళ్లకీ చెప్పి దిగండి.