బావిలోకి ఉప్పునీరు – సభ్యులు తెలుసుకోవలసిన పాఠం

మొగుడంపల్లి సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. "మా బోర్లలోకి సముద్రం నీళ్లు ఎట్ల వస్తయి సారూ?" అని సభ్యులు అడుగవచ్చు. రావు. కాని కోస్తా రైతు బావి ఉప్పబడటానికీ, మన బోరు ఎండిపోవటానికీ మూలం ఒక్కటే. అందుచేత ఈ నెల ఈ విషయాన్ని పాఠంగా తీసుకుంటున్నాము.

లాక్టోమీటరు చెప్పే సంగతి

పాల సంఘాలలో వాడే లాక్టోమీటరును మంచినీటిలో వేస్తే సున్నా దగ్గర నిలుస్తుంది. మంచి ఆవుపాలలో సుమారు 28 నుంచి 30 డిగ్రీలు చూపుతుంది. సముద్రపు నీటిలో వేస్తే సుమారు 25 చూపుతుంది. ఆ నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉండటమే ఇందుకు కారణం. పాలలో నీళ్లు కలిపి, డిగ్రీ పడిపోకుండా ఉప్పు వేసే మోసం కూడా ఈ సూత్రం మీద ఆధారపడినదే.

అనగా మంచినీరు తేలిక, సముద్రపు నీరు బరువు. తీరప్రాంతపు ఇసుక నేలల అడుగున ఈ రెండూ కలిసిన చోట మంచినీరు పైన, ఉప్పునీరు కింద ఉంటాయి. 41 అడుగుల మంచినీటి బరువు 40 అడుగుల సముద్రపు నీటి బరువుతో సమానం. కనుక భూమిలో మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే, సముద్రమట్టానికి దిగువన 40 అడుగుల లోతు వరకు మంచినీరు నిలుస్తుంది. మోటార్లు పెట్టి ఆ ఒక్క అడుగూ తోడివేస్తే, కాలక్రమాన ఉప్పునీరు 40 అడుగులు పైకి వస్తుంది. నేల పొరలను బట్టి లెక్క కొంత అటూ ఇటూ కావచ్చును గాని, సూత్రం మారదు. సముద్రం తనంతట తాను లోపలికి రాలేదు. మన మోటారు దానిని పిలిచింది.

జరిగిన చోట్లు

చెన్నైకి ఉత్తరాన ఉన్న మింజూరు ప్రాంతంలో సేద్యానికి, నగరానికి, పరిశ్రమలకు బావుల నుంచి విపరీతంగా నీరు తోడారు. 1960ల చివరినాటికే అక్కడ సముద్రపు నీరు చొరబడినట్లు గుర్తించారు. తరువాతి కాలంలో అది మరికొన్ని కిలోమీటర్లు లోపలికి జరిగింది.

కృష్ణా, గోదావరి డెల్టాలలో భూగర్భంలోని ఉప్పు అంతా ఇట్లు వచ్చినది కాదు. పూర్వం సముద్రం ఉన్న చోట చిక్కుకుపోయిన పాత ఉప్పునీరు కొంత, ఉప్పునీటి రొయ్యల చెరువుల నుంచి ఊరేది కొంత ఉన్నది. అటువంటి చోట ఫిల్టర్ పాయింటును లోతుకు దించిన కొద్దీ చేటు.

బాపట్ల, చీరాల ఇసుక నేలల రైతులు ఈ సంగతి ఎరిగినవారు. వారు లోతు బావికి బదులు దొరువులు తవ్వి, పైపైన తేలే వాన నీటిని తీసుకొని కూరగాయలు, నారుమళ్లు పెంచారు. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఈ పద్ధతిని మెరుగుపరచారు. తక్కువ లోతున చిల్లుల గొట్టాలను అడ్డంగా పరచి, నీటిని ఒక గుంటలోకి చేర్చి తోడుకుంటారు. మీగడ తీసినట్లు పై నీరు మాత్రమే వస్తుంది. కింది ఉప్పు కదలదు.

పాడికి కలిగే నష్టం

ఆవు ఇచ్చే ప్రతి లీటరు పాలకు సుమారు మూడు నుంచి అయిదు లీటర్ల నీరు తాగవలెను. నూరు లీటర్ల బావినీటిలో 10 లీటర్ల సముద్రపు నీరు కలిస్తే, లీటరుకు మూడు గ్రాములకు పైగా లవణాలు చేరుతాయి. ఆ నీటిని పశువు మొదట మూతి పెట్టి వదిలివేయవచ్చు. కొన్నిటికి పారుడు పట్టవచ్చు. నీరు తగ్గితే మేత తగ్గును, మేత తగ్గితే పాలు తగ్గును. లవణాలు లీటరుకు ఏడు గ్రాములు దాటిన నీరు చూడి పశువులకు, పాడి పశువులకు తగదు.

నివారణ మార్గాలు

1. ఒకే లోతు బోరుతో గంటల తరబడి తోడరాదు. తక్కువ లోతున, దూరదూరంగా, కొద్దికొద్దిగా తోడుకొనవలెను.
2. చెరువులు, కుంటలు, ఇంకుడు గుంటల ద్వారా వాన నీటిని భూమిలోకి పంపవలెను. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో శుద్ధి చేసిన మురుగునీటిని 1970ల నుంచి తీరం దగ్గరి బావులలోకి ఎక్కించి సముద్రానికి అడ్డుగోడ కట్టుచున్నారు. మనకు అంత ఖర్చు అక్కరలేదు; కురిసిన వానను ఆపితే చాలు.
3. తీరపు ఇసుక దిబ్బలను, వాగుల ఇసుకను తవ్వి తరలించరాదు. వాన నీటిని దాచే కొట్లు అవే.
4. ఆటుపోట్ల నీరు మురుగు కాలువల వెంట ఎగదన్నకుండా తలుపులు మరమ్మతులో ఉంచవలెను.

మనకు వర్తించేది

మన ఎర్ర మొరం కింద ఉన్నది నల్లరాయి. నీరు పగుళ్లలో మాత్రమే నిలుస్తుంది. అతిగా తోడితే అక్కడ ఉప్పు మిగులుతుంది, ఇక్కడ ఉత్త రాయి మిగులుతుంది. చెరకు, అల్లం సాగుకు నీరు పోయగా, ఎండాకాలం బర్రెల తొట్టికీ పచ్చిమేతకూ నీరు మిగులుతుందా అని ముందే లెక్క చూసుకొనవలెను.

ఒక్క రైతు మోటారు ఆపితే లాభం లేదు; ఆ నీటిని పక్క బోరు లాగుతుంది. అందుకే ఇది సంఘం చేయవలసిన పని. 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోర్లకు అనుమతి తప్పనిసరి చేసినది. కాని ఊరి కట్టుబాటు లేనిదే చట్టం ఒక్కటే చాలదు. పాలు రెండు పూటలా కొలిచి పుస్తకంలో రాస్తున్నాము. నెలకొకసారి నాలుగు బావులలో తాడు వేసి నీటిమట్టం కొలిచి అదే విధంగా రాయవలెనని కార్యదర్శులను కోరుతున్నాము. అంకె కళ్ల ముందుంటే మాట కుదురుతుంది.

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన ఊరిలో గత అయిదేళ్లలో ఎన్ని బోర్లు ఎండిపోయినవి? వాటి పక్కన ఎన్ని కొత్తవి పడినవి?
2. ఎండాకాలంలో మన సంఘ సభ్యుల పశువులన్నిటికీ రోజుకు ఎంత నీరు కావలెను?
3. నీటిమట్టం ఎంతకు పడిపోతే మోటారు గంటలు తగ్గించవలెను? దానిని ఎవరు నిర్ణయించవలెను?