గోడ మీది కోడ్ మాకెందుకు?

ప్రశ్న: అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పని చేస్తాను. గేటు దగ్గర విదేశీ బ్రాండ్ వాళ్ల ‘కోడ్ ఆఫ్ కాండక్ట్’ ఇంగ్లిష్‌లో అంటించారు. ఆడిటర్లు వచ్చే ముందు ఏం చెప్పాలో సూపర్‌వైజరే నేర్పిస్తాడు. దానివల్ల మాకేం ఒరుగుతుంది?

జవాబు: ఒరగాలంటే ముందు అది మీకు అర్థం కావాలమ్మా. తెలుగు ప్రతి అడగండి. కోడ్ అనేది బ్రాండ్‌కూ ఫ్యాక్టరీకీ మధ్య షరతు. మీ హక్కులు చట్టం ఇచ్చినవి, ఆ కాగితం చించేసినా పోవు. ఓవర్‌టైంకు రెట్టింపు వేతనం రావాలి. లైంగిక వేధింపులపై ఫిర్యాదుకు 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. యూనియన్‌లో చేరవచ్చు.

పే స్లిప్‌లో ఓటీ గంటలు చూసుకోండి. వచ్చిన వేళ, వెళ్లిన వేళ రోజూ చిన్న పుస్తకంలో రాసుకోండి. తేడా వస్తే లేబర్ ఆఫీసులో చూపడానికి పనికొస్తుంది.

ఆడిట్‌నే నమ్ముకోవద్దు. ఢాకా దగ్గరి రాణా ప్లాజా భవనంలోని కొన్ని బట్టల ఫ్యాక్టరీలకు ఆడిట్లు జరిగాయి. గోడలు బీటలు వారాయని భయపడుతున్నా కార్మికులను లోపలికి పంపారు. 2013 ఏప్రిల్ 24న భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే చాలా బ్రాండ్లు యూనియన్లతో కలిసి ఫ్యాక్టరీల భద్రత కోసం కట్టుబడక తప్పని ఒప్పందంపై సంతకం చేశాయి.

ఈసారి ఆడిటర్ వస్తే, సూపర్‌వైజర్ లేనిచోట మాట్లాడతామని నలుగురూ కలిసి అడగండి.